ఐసు బాకీలు

"మైకు పెట్టిస్తామండీ," అన్నాడు వసూళ్ళ ఏజెన్సీ రాజబాబు. "ఇంటి ముందు ఆటో ఆపి, బాకీదారు పేరు, తండ్రి పేరు, బాకీ అంకె చదివిస్తాం. మూడోసారి చదివేలోపు డబ్బు బయటికొస్తుంది."

గోవర్ధనరావు బాకీల జాబితా వెనక్కి లాక్కున్నాడు. బందరులో ఆయనది చిన్న ఐసు ఫ్యాక్టరీ. గిలకలదిండి రేవు పడవలవాళ్ళు ఐసు అప్పుగా పట్టుకెళ్ళి, చేపల వేట నుంచి వచ్చాక కడతారు. ఈ ఏడాది మాత్రం ఇరవై పడవల బాకీ ఆరు లక్షలకి చేరింది. అవతల నాలుగు లక్షల కరెంటు బిల్లు సోమవారంలోగా కట్టకపోతే కనెక్షన్ తీసేస్తామని నోటీసు వచ్చింది. కనెక్షన్ పోతే ఫ్యాక్టరీ మూతే. పన్నెండు మంది పనివాళ్ళు వీధిన పడతారు. ఇంట్లో చెబితే భార్య బెంగ పెట్టుకుంటుందని నోటీసు దాచేసి, ఏజెన్సీల చుట్టూ తిరుగుతున్నాడు పాపం.

"మైకు వద్దు బాబూ. పాతికేళ్ళుగా నేను తినే అన్నం ఆ పడవల్లోంచే వస్తోంది. రేపు వాళ్ళు ఎదురుపడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అలాగైతే మీరు వ్యాపారం మానేసి అన్నదానం పెట్టుకోండి," అని రాజబాబు ఫైలు మూసేశాడు.

రెండో ఏజెన్సీ కోనేరు సెంటర్ దగ్గర మేడ మీద ఒక గది. అక్కడ హన్నా అనే యాభై ఏళ్ళావిడ ఒక్కతే కూర్చుని ఉంది. ముందు ఆయనకి మంచినీళ్ళిచ్చి, కరెంటు నోటీసు సంగతంతా విని, తర్వాత జాబితా అందుకుంది.

"పడవ ఎవరిదో రాశారు, బాగానే ఉంది. వాళ్ళ ఇళ్ళల్లో డబ్బు ఎవరి చేతిలో ఉంటుందండీ?"

"ఆడవాళ్ళ చేతిలోనండీ. చేపలమ్మేది వాళ్ళేగా."

"మరి మీరు ఎవర్ని అడుగుతున్నారు?"

"మగాళ్ళనండీ. వచ్చే వేటకి ఇస్తామంటారు. పైగా వెయ్యో రెండువేలో చేబదులు అడుగుతారు."

"ఇస్తారా?"

"కాదనలేనండీ," అన్నాడు గోవర్ధనరావు, నేల చూపులు చూస్తూ.

హన్నా నవ్వు ఆపుకుంది. "నేను అరవనండీ. గుమ్మంలో కూర్చుని మాట్లాడతాను, అంతే. వసూలైన దాంట్లో పదో వంతు నాది."

ఆయన ప్రాణం లేచొచ్చింది. ఇంక బేరమాడబుద్ధి కాలేదు. "మీ మేలు మర్చిపోనమ్మా. వాళ్ళ మనసు కష్టపెట్టకపోతే నాకదే పదివేలు," అని దణ్ణం పెట్టి మెట్లు దిగాడు.

నాలుగో రోజు, శుక్రవారం మధ్యాహ్నం, హన్నా ఫ్యాక్టరీకి వచ్చింది.

"ఇరవై ఇళ్ళకీ వెళ్ళొచ్చానండీ. మీకెవరూ ఒక్క రూపాయి బాకీ లేరు."

గోవర్ధనరావు కుర్చీలో కూలబడ్డాడు. "అదేంటమ్మా? వచ్చే వేటకి ఇస్తానని నరసింహం నిన్ననేగా నాతో అన్నాడు."

"నరసింహం గారికి తెలీదండీ. వాళ్ళావిడ అచ్చమ్మ ఎప్పటి బాకీ అప్పుడే కట్టేసింది. మిగతా ఇళ్ళల్లోనూ అంతే. మీ చేతికిస్తే ఆ డబ్బే చేబదులుగా మళ్ళీ వాళ్ళ మగాళ్ళకి చేరి, సాయంత్రానికి బ్రాందీ షాపులో తేలుతోందట. అందుకని ఆడవాళ్ళంతా కూడబలుక్కుని, మార్కెట్టు నుంచి ఇంటికెళ్తూ మీ తరఫు మనిషికి కట్టేస్తున్నారు. కట్టినట్టు చీటీలు కూడా రాయించుకున్నారు. అన్నీ చూశాను, లెక్క సరిపోయింది."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఎండనక వాననక గంప నెత్తిన పెట్టుకు తిరిగే ఆడవాళ్ళు ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. తనేమో వాళ్ళ పేర్లు జాబితా రాసి ఏజెన్సీల చేతికిచ్చాడు. ఆ ఇరవై మందికీ మనసులోనే చేతులెత్తి మొక్కాడు.

అంతలోనే రెండో సంగతి బుర్రకెక్కింది. తన తరఫు మనిషట. తనకి తెలియకుండా ఆరు లక్షలు పుచ్చుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్న మనిషి. పాతికేళ్ళలో ఎవరి మీదా గొంతు పెంచని గోవర్ధనరావు బల్ల మీద గట్టిగా చరిచాడు.

"ఆ తల్లుల కష్టార్జితం మింగి కూర్చుందెవరో నాకిప్పుడే తెలియాలి. వాళ్ళని అడిగినట్టు మెత్తగా అడక్కండమ్మా. ఇంటి మీదికెళ్ళండి, నలుగుర్లో నిలబెట్టి కక్కించండి. నేను చూసుకుంటాను."

"అంత అవసరం రాలేదండీ, వెళ్ళి అడిగొచ్చాను," అంటూ హన్నా సంచిలోంచి కరెంటు బిల్లు కట్టిన రసీదు తీసి బల్ల మీద పెట్టింది. "అప్పటికప్పుడు బీరువా తీసి, నాతోపాటే కరెంటాఫీసుకొచ్చి ఇది కట్టేశారు. నా కమీషనూ ఇచ్చేశారు. మిగిలింది మాత్రం చచ్చినా మీ చేతికివ్వనని చెప్పమన్నారండీ, మీ ఆవిడ."