నాలుగంగుళాల తేడా

హాలు పొడవు పద్నాలుగడుగులు. అంత చిన్న హాల్లో ఒక గోడ నాలుగంగుళాలు వంకరపోయిందని తేలేసరికి వడ్రంగి నవ్వేశాడు.

“పాతిల్లు కదా బావా. ఏ మేస్త్రీ కట్టాడో గానీ, దారం పట్టకుండా కట్టేశాడు. ఏం ఫరవాలేదు. నేల మీద చెక్కలు ఆ గోడ వెంబడే పరుచుకుంటూ పోదాం. చూసేవాళ్ళకి తేడా తెలియదు.”

బావ ఒప్పుకోలేదు. ఆయన సర్వేయరు. మోకాళ్ళ మీద కూర్చుని, పడగ్గది గుమ్మం నుంచి ఎదురుగా ఉన్న కుట్టుగది గుమ్మం దాకా సుద్దపొడి పూసిన దారం లాగి పట్టుకున్నాడు.

“ఈ గుమ్మం నడిమధ్యలో మొదలైన చెక్క ఆ గుమ్మం నడిమధ్యకే చేరాలి. గోడతో నాకు పనిలేదు.”

“అట్లా వేస్తే గోడ పక్కన ఒక మూల నాలుగంగుళాల సందు వస్తుంది, రెండో మూల అసలు రాదు. అక్కడ చెక్కని ఏటవాలుగా కోసి ఇరికించాలి. అక్క చొక్కా కుట్టి గుండీలు పక్కకి పెట్టినట్టుంటుంది బావా.”

“ఉండనీ.”

కుట్టుగదిలో మిషను ఆగింది. భార్య అంతా వింటోంది. వడ్రంగి పనికొచ్చిన తన తమ్ముడు గోడ మాట ఎత్తకుండా ఉంటే బాగుండేదనుకుంది.

ఆయన కొలిచిన హద్దు ఒకటి అడుగున్నర తప్పినట్టు రెండు నెలల క్రితం తేలింది. దాన్ని నమ్ముకుని ఒకాయన ప్రహరీ కట్టుకున్నాడు. పక్కవాళ్ళు మళ్ళీ కొలిపించారు. కట్టిన గోడ కట్టినట్టే కూలగొట్టాల్సి వచ్చింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో అదే మొదటి తప్పు. ఆఫీసులో అందరి ముందూ నిలబెట్టి అడిగితే ఆయన ఒక్క సాకు కూడా చెప్పలేదు. పొరపాటు నాదేనని రాసిచ్చి, సెలవు పెట్టి ఇంటికొచ్చేశాడు.

వచ్చిన నెలకి హాల్లో చెక్క పరుస్తానన్నాడు. మనుషుల్ని పెట్టకుండా తనే. బావమరిది చేతిసాయం ఉంటే చాలన్నాడు.

అక్కడ తప్పిన గీతని ఇక్కడ దిద్దుకుంటున్నాడని భార్య అనుకుంది. పోనీలే, మనసు కుదుటపడుతుందని ఊరుకుంది.

కుదుటపడే సూచనలేమీ కనబడలేదు. దారం వెంట మూడడుగులు, దానికి అడ్డంగా నాలుగడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా ఐదడుగులు వస్తేనే మూలమట్టం కుదిరినట్టు. ఆ ఐదడుగుల కోసం రోజుకి పదిసార్లు ఆమెని మిషను మీద నుంచి లేపేవాడు.

“టేపు మీద ఎంతుందో చదువు.”

“మీరు చూశారుగా.”

“నువ్వు కూడా చూడు.”

ఆమె చదివేది. బతుకంతా కొలతల్లో గడిపిన మనిషికి తన కొలత మీదే నమ్మకం పోయిందే అని ప్రాణం ఉసూరుమనేది.

చెక్కల దగ్గరా పేచీయే. అతుకులు కనబడకుండా అద్దంలా ఉండే రకం వద్దన్నాడు. ప్రతి అతుకు దగ్గరా సన్నటి గాడి పడే రకం ఏరి తెచ్చాడు.

“దుమ్మంతా ఆ గాడిలోనే చేరుతుంది. రోజూ ఊడ్చేటప్పుడు అక్క మనిద్దర్నీ కలిపి తిడుతుంది,” అన్నాడు వడ్రంగి.

బావ చెవిన పెట్టలేదు. ఒక్కో చెక్క బిగించడం, అతుకు పొడవునా బొటనవేలు రాసి చూడడం, మనసుకి రాకపోతే ఊడదీసి మళ్ళీ బిగించడం. సుత్తి రెండుసార్లు వేలి మీదే పడింది. గోరు నల్లబడింది. గుడ్డపేలిక చుట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.

ఐదో రోజు వడ్రంగి మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు.

“అక్కా, బావని ఎవరికైనా చూపించు. పని చేస్తున్నట్టు లేదు, వెనక ఎవరో తరుముతున్నట్టుంది. ఈ నెల్లోనే అయిపోవాలంటాడు. తొందరేంటంటే మాట్లాడడు.”

“నాతో మాత్రం మాట్లాడుతున్నారా?” అంది ఆమె. తమ్ముడు తాగిన గ్లాసుని కడిగి, కడిగిన సంగతి మర్చిపోయి మళ్ళీ కడిగింది.

పదకొండో రోజు మధ్యాహ్నం చివరి చెక్క పడింది. వడ్రంగి సామాను సర్దుకుని, ఏటవాలుగా కోసిన మూల వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

ఆమె బయట పెట్టిన టీపాయిని ఈడ్చుకొచ్చి హాలు మధ్యలో పెట్టబోయింది.

“అక్కడేం పెట్టకు. ఇకమీదట కూడా.”

ఆమె ఓపిక అక్కడితో అయిపోయింది.

“ఆ మూల చూడండి ఒకసారి. ఎవరొచ్చినా ముందు దాన్నే చూస్తారు. పదకొండు రోజులు ఒళ్ళు హూనం చేసుకుని చేసింది ఇదా? ఎవరిదో ఒక గోడ పడిపోయిందని ఎన్నాళ్ళిలా? తప్పు చెయ్యనివాళ్ళు ఎవరున్నారండీ? మీకు మీరే ఇంత శిక్ష వేసుకోవాలా?”

ఆయన టీపాయి తీసి గోడవారకి జరిపాడు.

“నువ్వెళ్ళి మిషను దగ్గర కూర్చో,” అన్నాడు.

ఆమె విసురుగా వెళ్ళి కూర్చుంది. ఆయన పడగ్గది గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు విడిచి, కళ్ళు మూసుకున్నాడు. మధ్య చెక్క గాడి మీద పాదం ఆనించి, అడుగు వెంట అడుగు వేస్తూ హాలు దాటాడు. ఎక్కడా తొందరపడలేదు. గుమ్మం అంచు భుజానికి తగలకుండా లోపలికి వచ్చి, మిషను మీద చెయ్యి పెట్టి ఆగాడు. రెండు నెలల్లో మొదటిసారి ఆయన మొహం తేటగా ఉంది.

“సరిగ్గా కుదిరింది,” అన్నాడు.

“ఏమిటి కుదిరింది?”

“ఇంకో మూడు నెలల్లో చూపు పూర్తిగా పోతుందన్నాడు డాక్టరు, ఆ తర్వాత కూడా నీ దగ్గరికి నా అంతట నేనే నడిచి రావాలి.”