పక్కింటావిడ మాట

"నూతి నీళ్లు తియ్యగానే ఉంటాయా అండీ? సీతారత్నం గారు మిమ్మల్నే అడగమన్నారు."

దడి అవతలి ఇల్లు చూసుకుని వచ్చిన ఆసామి అరుగు మీద కూర్చుంటూ అడిగాడు. పక్కన ఆయన భార్య. సూర్యకుమారి ఇద్దరి చేతికీ మజ్జిగ గ్లాసులిచ్చి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. ఏమీ చెప్పకూడదనే అనుకుంది.

"తియ్యగానే ఉంటాయండి. ఉగాది దాకా."

"ఆ తర్వాత?"

"కొంచెం ఉప్పదనం తేలతాయండి. కొంచెమంటే, పప్పులో ఉప్పెయ్యక్కర్లేదు."

ఆవిడ మొగుడి వంక చూసింది. "తుఫానుకి ఇటు నీళ్లొచ్చేయా అండీ?"

"అందరికీ వచ్చినట్టే వచ్చేయండి. నడుం లోతు." సూర్యకుమారి గొంతు తగ్గించింది. "మీకు చిన్నపిల్లలున్నారా అమ్మా? ఎందుకంటే, నూతి గోడ మోకాలెత్తే ఉంది."

వాళ్లు మజ్జిగ సగం తాగి లేచారు. మళ్లీ రాలేదు.

ఇది తొంభై తొమ్మిది వేసవి మాట. తుఫాను వెళ్లి మూడేళ్లు నిండలేదు. అప్పట్లో రాజోలు చుట్టుపక్కల ఇల్లు అమ్మాలంటే తాతబ్బాయిలాంటి మధ్యవర్తి సైకిలేసుకుని తిరగాల్సిందే. కొనేవాళ్లు గోడలు చూసేవారు, కాగితాలు చూసేవారు, అన్నీ అయ్యాక పక్కింటి అరుగు మీద కూర్చునేవారు. దస్తావేజులో లేని మాట అక్కడ దొరుకుతుందని నమ్మకం. పక్కింటివాళ్లు పెదవి విరిస్తే బయానా జేబులోనే ఉండిపోయేది. సీతారత్నం ఇంటికి ఒక పక్క కాలవ, రెండో పక్క సూర్యకుమారి.

సీతారత్నం భర్త సత్తిబాబు మస్కట్‌లో ఉండేవాడు. ఇల్లు అమ్మేసి రాజమండ్రిలో స్థలం కొందామని ఉత్తరం రాశాడు. ఆ స్థలం గలాయన ఆషాఢం వచ్చేదాకా ఆగుతానన్నాడట. ఆషాఢంలో ఎలాగూ ఎవరూ ఇల్లు కొనరు. ఈలోగా అమ్ముడైతే సరే, లేదంటే రాజమండ్రి మాట మానుకోవడమే. ఆ ఉత్తరం సూర్యకుమారికి చదివి వినిపించిన రోజు సీతారత్నం, "ఆయన రాశాక ఇంక అనుకోడానికేముంది" అని మడతపెట్టింది.

నాలుగు లక్షలన్న బేరం మూడుంపావుకి దిగింది. గల్ఫ్ డబ్బున్నవాళ్లు రోడ్డు మీద డాబాలు అడుగుతున్నారు గానీ, మునిగిన పెంకుటిల్లు ఎవరికి కావాలి? ఆపైన సూర్యకుమారి నోరు.

భయం ఆమెకి పుట్టుకతో వచ్చింది. కొడుకు వీరబాబు నరసాపురం కాలేజీకి వెళ్లిన రోజున, గోదావరి దాటించే పంటు తిరిగి సఖినేటిపల్లి రేవు చేరే వేళయ్యేదాకా ముద్ద దిగేది కాదు. వీధిలో ఎవరి బిడ్డ తుమ్మినా ఈమె ఇంట్లో మిరియాలు నూరేది. అలాంటి మనిషిని ఇల్లెలాంటిదని అడిగితే, ఆ నూతిలోకి ఎవరి పిల్లాడో తొంగి చూస్తున్నట్టు కళ్లకి కట్టేది. దాచిపెట్టాక ఏదైనా జరిగితే ఆ పాపం ఎవరిది?

అలా నలుగురు వెళ్లిపోయారు. వెళ్లిన ప్రతిసారీ సీతారత్నం దడి సందులోంచి కూరగిన్నె అందిస్తూ, "రాసిపెట్టి లేదులే వదినా" అనేది. కళ్లు తడిగా ఉండేవి. ఆ తడి చూసి సూర్యకుమారికి గిన్నెలో కూర సయించేది కాదు.

ఆ సందు పదిహేనేళ్లది. కందాబచ్చలి, తోడుపెట్టే మజ్జిగ, జ్వరం మాత్రలు, కబుర్లు అన్నీ అందులోంచే. తుఫాను నాడు రెండిళ్లవాళ్లూ సీతారత్నం ఇంటి అటకెక్కి ఒక్క దుప్పటి కిందే కూర్చున్నారు. గాలి హోరు వినబడకుండా సీతారత్నం పిల్లలచేత ఎక్కాలు అరిపించింది. పదహారో ఎక్కం దగ్గర గాలి తగ్గింది.

ఆషాఢం నాలుగు రోజులుందనగా ఏడుకొండలు గారొచ్చారు. రిటైరైన పోస్టుమాస్టరు. ఇల్లు నచ్చింది, ధర కుదిరింది, బయానా జేబులో ఉంది. తాతబ్బాయి ఆయన కంటే ముందు పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, సీతారత్నం గారు ఈయన్నీ మిమ్మల్ని కలిసే వెళ్లమన్నారు. దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారికీ నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూర్చోండి. మీ స్నేహితురాలు బాగుపడుద్ది."

"ఆయ్. నేనేం మాట్లాడనండి." నిజంగానే బెల్లంముక్క నోట్లో వేసుకుంది.

"ఇల్లు ఎలాంటిదమ్మా?" అన్నాడు ఏడుకొండలు.

"మంచిదండి."

"నీళ్లు?"

"మంచివేనండి."

తాతబ్బాయి గుండెల మీద చెయ్యేసుకున్నాడు. ఏడుకొండలు లేచాడు.

"అయితే గురువారమే పాలు పొంగించేస్తాం. మా మనవరాలికి ఈ పెరడు చాలా బావుంటుంది. ఇప్పుడిప్పుడే నడుస్తోందమ్మా, పట్టుకుంటే చేతికి దొరకదు."

బెల్లం గొంతుకడ్డం పడింది.

"నూతికి గోడ లేపకుండా ఆ పిల్లని తేకండి బాబుగారూ. లేపినా నిలవదు. రెండుసార్లు కట్టించేరండి, కాలవ వైపుకి కుంగిపోయింది. వేసవిలో నీళ్లు ఉప్పండి. గట్టిగా వానొస్తే కాలవ గట్టు దాటుతుందండి."

తాతబ్బాయి సైకిలు స్టాండు తీశాడు. ఏడుకొండలు ఆమెకి రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు.

ఆషాఢం వచ్చింది. రాజమండ్రి స్థలం ఇంకెవరికో రాసిచ్చేశారని కబురూ వచ్చింది. సూర్యకుమారి ఆ పూట అన్నం తినలేదు. దడి సందు దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లక, వీధి గుమ్మంలోంచి పరాయిదానిలా వెళ్లింది.

సీతారత్నం వసారాలో కొబ్బరాకు ఈనెలు తీస్తోంది.

"నన్ను నాలుగు తిట్టు వదినా," అంది సూర్యకుమారి నిలబడే.

"ఏం చేసేవేంటి?"

"నీ ఇల్లు అమ్ముడవకుండా చేసింది నేనే. అయిదుగురికీ నేనే చెప్పేను. నుయ్యనీ, ఉప్పనీ, వరదనీ. పసిపిల్లల మీద భయం కొద్దీ చెప్పేను. నువ్వెళ్లిపోతావన్న భయం కూడా అందులో ఉందేమో, దేవుడికే తెలియాలి. నా నోటి మూలంగా అన్నయ్యగారు కోరుకున్న స్థలం పోయింది."

సీతారత్నం ఈనెలన్నీ ఒకచోట చేర్చి కట్ట కట్టింది. జరిగి, పీట మీద చోటిచ్చింది.

"నువ్వలా చెప్తావనే కదా వదినా, వచ్చినవాళ్లందర్నీ నీ దగ్గరికి పంపేను."