కరుణ ఇచ్చినది

"ఆ మందు నాకొద్దు డాక్టరమ్మా," అంది నర్సింగమ్మ మరోసారి.

డాక్టర్ స్నిగ్ధ ఓపిక పట్టింది. నల్లగొండ దవాఖానలో ఆమె చేరి కొన్ని నెలలే అయింది. నకిరేకల్ నుంచి వచ్చే నర్సింగమ్మకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ గడ్డ. కీమోకు లొంగలేదు. మిగిలింది ఈ ఒక్క మందే.

"మళ్లీ చెప్తా, వినమ్మా. గడ్డ కణాల పైన ఒక ప్రోటీన్ ఉంటుంది. ఒంట్లోని కాపలా కణం వచ్చి తగలగానే, నేను నీదాన్నే అని అది నమ్మిస్తుంది. కాపలా కణం చల్లబడి వెనక్కి పోతుంది. ఈ మందు ఆ మాయను ఆపుతుంది. అప్పుడు కాపలా కణాలు లేచి గడ్డ మీద పడతాయి."

"నాకు పెట్టిన కిడ్నీ మీద గూడ పడతయంటివి గద."

"పడొచ్చు. అది వేరేవాళ్లది కదా."

"నా కడుపుల పుట్టిన కరుణ ఇచ్చింది. వేరేవాళ్లదెట్లయితది?"

"మీ బిడ్డ కణాల పైనున్న గుర్తుల్లో సగమే మీవి. మిగతా సగం వాళ్ల నాన్నవి."

నర్సింగమ్మ పక్కనున్న భర్త గాలయ్య వైపు చూసి చేదుగా నవ్వింది. "నా ఒళ్లు గూడ నీతోని కొట్లాటకే దిగుతదంట."

గాలయ్య నవ్వలేదు. "కిడ్నీ పోతే పోనీ. డయాలసిస్ చేపిద్దం. మందు తీస్కో."

"కరుణకేం జవాబు చెప్పాలె?"

"అదేమన్న అడుగుతదానె నిన్ను!" గాలయ్య గొంతు పెరిగింది.

"మందు లేకుంటే మీరే ఉండరమ్మా. అప్పుడు కిడ్నీ మాత్రం ఉంటుందా?" అంది స్నిగ్ధ.

"నాతోనే పోతది. నాకంటె ముందు పోవద్దు."

స్నిగ్ధకు విషయం అర్థమైనట్టే అనిపించింది. ఇచ్చింది పాడు చేసుకుంటే కూతురు ఊరుకోదన్న భయం. "ఆమెను ఒకసారి తీసుకురండి. నేను మాట్లాడతా."

"రాదు బిడ్డా."

స్నిగ్ధకు ఒళ్లు మండింది. "కన్నతల్లి ప్రాణం కంటే పెద్ద పనేముంది? ఒక కిడ్నీ ఇచ్చి చేతులు దులుపుకుందా?"

గాలయ్య దిగ్గున లేచాడు. నర్సింగమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు జర బయట కూసో. నేనొస్త."

అతను కండువాతో ముఖం తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె చీర మీదుగానే కుడి పొత్తికడుపు మీద, కిడ్నీ అమర్చిన చోట, అరచెయ్యి ఆనించింది.

"దాని మీద కోపం తెచ్చుకోకు, డాక్టరమ్మా," అంది మెల్లగా. "మా కరుణల ఇంక బతికున్నది గిదొక్కటే."