కొండమ్మ ఒప్పుకున్న బొమ్మ

ఆ జలపాతాన్ని చూడగానే ఆంథోనికి పిచ్చెక్కినంత పనైంది.

ఖమ్మంలో చర్చి గోడల మీద బొమ్మలు వేసి బతికే మనిషి. చర్ల దాటి అంత లోపల, వెదురు పొదల వెనక, కొండ మీది నుంచి నీళ్లు అలా దూకుతాయని ఎవరో చెబితే రంగులు సర్దుకుని వచ్చేశాడు. 2005లో వానలు తగ్గుముఖం పట్టిన రోజులవి. తోడుగా సుకుమార్ వచ్చాడు. డ్రాయింగ్ మాస్టారునని చెప్పి ఈమధ్యే స్నేహం కలిపాడు. ఇద్దరూ గూడెం చివర ఒక పాకలో దిగారు.

ఆంథోని పొద్దున్నే బండ మీద కూర్చుని ఆకుపచ్చలు కలుపుకునేవాడు. నచ్చకపోతే చించేసేవాడు. మళ్లీ కలుపుకునేవాడు. ఇంత అందం ఉన్న చోట ఇన్నాళ్లూ తను లేనందుకు అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. సుకుమార్ తీరు వేరు. ఒళ్లో కాగితం పెట్టుకుని వచ్చేపోయే మనుషుల్ని చూస్తుండేవాడు. అతను గీసిన జలపాతం ఆరేసిన పంచెలా ఉండేది.

“నీకు నీళ్లు రావు తమ్మీ. మొఖాలైతే అచ్చు దిగుతయ్,” అని ఆంథోని ఆటపట్టించాడు.

నిజమే. గూడెంలో ఎవరి ముఖం గీసినా వాళ్లే కాగితంలోంచి చూస్తున్నట్టుండేది. ఆ సంగతి పాకపాకకూ పాకి కొండమ్మ చెవిన పడింది.

జలపాతం ఒడ్డున పాతిన రాళ్లలో చివరిది ఆమె కొడుకు లాలుది. మూడు వానాకాలాల కిందట, మీసమైనా మొలవని వయసులో, వరదకు కొట్టుకుపోయాడని, శవం దొరకలేదని గూడెమంతా ఒకే మాట చెప్పింది. పోయినవాళ్ల పేర రాయి నిలబెట్టి, కొత్త బియ్యం ఇంటికొచ్చినప్పుడు దాని ముందు ఆకులో అన్నం పెట్టడం అక్కడి ఆచారం. మొన్ననే కొత్తల పండగ అయింది. అన్ని రాళ్ల ముందూ ఎండిన ఆకులున్నాయి. లాలు రాయి ముందు మాత్రం లేదు. పాపం, ఆ తల్లికి చేతులు రాలేదేమోనని ఆంథోని బాధపడ్డాడు.

కొడుకు ఫోటో ఒక్కటీ లేదంది కొండమ్మ. “కండ్లు మసకబడుతున్నయ్ సారూ. వాని మొఖం మర్చిపోతనేమోనని బుగులైతంది.”

సుకుమార్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. జలపాతం ముందు నిలబడిన ఒక పిల్లవాణ్ని గీశాడు. ఆమె చెప్పిన కళ్లు, ఆమె చెప్పిన ముక్కు, నున్నటి బుగ్గలు. చక్కగా ఉన్నాడు పిల్లవాడు. కొండమ్మ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. సంతోషపడలేదు. లేచి వెళ్లిపోయింది.

మర్నాడు తనే వచ్చింది. అటూ ఇటూ చూసి మెల్లగా చెప్పింది.

“గట్లుండడు సారూ. దవడలు ఎడల్పు. గడ్డముంటది. ఎడమ కనుబొమ్మ కాడ కోత.”

తల్లుల కళ్లలో పోయిన పిల్లలు కూడా పెరుగుతూనే ఉంటారు కాబోలు అనుకున్నాడు ఆంథోని. పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. సుకుమార్ మాత్రం ఏమీ అడగలేదు. రబ్బరు తీసి బుగ్గలు చెరిపాడు.

గడ్డం ఒత్తుగా ఉండాలంది. కాదు, అంత కాదు అంది. కోత కనుబొమ్మను రెండుగా చీల్చాలంది. సాయంత్రం దాకా సరిదిద్దిస్తూనే ఉంది. ఇంకెవరైనా అయితే పోనీలే అని సర్దుకునేవారేమో. తల్లి కదా, సరిగ్గా లేని ముఖాన్ని ఒప్పుకోలేకపోయింది. చివరికి కాగితం మీద చెంపకు అరచెయ్యి ఆనించి, “అవ్, వీడే,” అంది. అప్పుడు నవ్వింది. ఆ నవ్వు చూసి, తన జలపాతాలన్నీ ఈ ఒక్క బొమ్మ ముందు దండగేననిపించింది ఆంథోనికి.

బొమ్మను వెంటనే ఇమ్మంది. పాకలో చెమ్మకు పాడైపోతుందని సుకుమార్ నచ్చజెప్పాడు. “ఖమ్మంల అద్దం కట్టించి నేనే తెచ్చిస్తనమ్మా.”

ఆమె కాగితం అంచు పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత వదిలింది. తడవనియ్యొద్దని మరీమరీ చెప్పి, ఒక సీసాడు పుట్టతేనె అతని సంచిలో పెట్టింది.

తిరుగు దారిలో, చర్లలో చిన్న పనుందని సుకుమార్ బస్సు దిగిపోయాడు. కిటికీలోంచి ఆంథోని చెయ్యి ఊపాడు.

సుకుమార్ ఊరి చివరి పోలీసు క్యాంపులోకి నడిచి, కత్తెరతో బొమ్మలోంచి జలపాతాన్ని కత్తిరించి పారేసి, మిగిలిన ముఖాన్ని ఇన్‌స్పెక్టర్ బల్ల మీద పెట్టి, సెల్యూట్ కొట్టి, “లాలు బతికే ఉన్నడు సార్, అన్నల దళంల. ఇప్పుడు గిట్లున్నడు,” అన్నాడు.