రెండో వైపు పాటలు

రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను. ఆయన బ్యాగులో అంతకంటే ఎక్కువ సర్దలేదామె.

"క్యాంపు నాలుగు రోజులు. ఇంతేనా?" అద్దంలో మీసం దువ్వుకుంటూ అడిగాడు ఆయన.

"చాలవూ?"

"సర్లే. పాటలు రికార్డు చేశావా?"

"చేయకుండా ఉంటానా?" క్యాసెట్ అందించింది.

ఇటూ అటూ తిప్పి చూశాడు. "అరవై నిమిషాలదా? తొంభైది దొరకలేదా నీ షాపులో?"

"చిన్నదైతే ఏరి కోరి పెట్టొచ్చు. చెత్త పాట దూరే సందుండదు."

"ఏరుకో, ఏరుకో. ఇంకెన్నాళ్ళులే! నేను రాగానే షాపు ఖాళీ చేసెయ్యాలి, చెప్పానుగా. అక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టిస్తానని మాటిచ్చాను."

ఎవరికిచ్చాడో ఆమెకు తెలుసు.

పోయిన నెల ఆయన ఆఫీసులో టైపిస్టు పాటలు రికార్డు చేయించుకోవడానికి షాపుకొచ్చింది. ఎదురుగా ఉన్నదెవరో తెలియక మనసులో మాటంతా చెప్పుకుంది.

"నాకు కాబోయే ఆయన కోసమండీ. పాపం, భార్య పోయి మూడేళ్ళయింది. పాటల్లేందే కారు కదలదనుకోండి. ఒక వైపు అయిపోతే చాలు, ఎక్కడున్నా సరే, బండి పక్కకు తీసి, దిగి, సిగరెట్ కాల్చి వచ్చాకే రెండో వైపు తిప్పుతారు. వట్టి చాదస్తం!"

ఆ చాదస్తం ఆమెకు పెళ్ళయిన నాటి నుంచీ తెలుసు. తాను పోయిన సంగతే కొత్త.

"కూర్చోమ్మా," అని స్టూలు జరిపి, టీ తెప్పించింది.

ఆనాటి నుంచి ఆ టేపు మీదే ఉంది ఆమె ప్రాణమంతా. మొదటి వైపు అన్నీ ఆయన మెచ్చే పాటలే. మొదటిది వినగానే కాలు ఆడాలి. హుషారు పాట పక్కన నెమ్మదిది, దాని పక్కన మళ్ళీ హుషారు. చివరి పాట నిండుగా పూర్తవ్వాలి, ఆ వెంటనే టేపూ అయిపోవాలి. పాట మధ్యలో తెగిందంటే టేపు చేసినవాళ్ళకే సిగ్గుచేటు.

రెండో వైపు మాత్రం ఆయనకు ఒళ్ళు మండించే పాటలు ఏరి మరీ నింపింది. ఒక్కటీ వదల్లేదు.

కారు ఆమెదే, షాపు సంపాదనతో కొన్నది. డ్రైవింగూ నేర్చుకుంది. "ఆడవాళ్ళకి స్టీరింగెందుకు?" అంటూ తాళాలు ఆయన తన జేబులోనే పెట్టుకున్నాడు.

"షాపు ఖాళీ చేయడం మొదలుపెట్టాను, సామాను డిక్కీలో ఉంది. మీ బ్యాగు వెనక సీట్లో పెట్టాను," అంది గుమ్మంలో నిలబడి. "దారిలో ఇంజన్ ఆపకండేం. సెల్ఫ్ మళ్ళీ మొరాయిస్తోంది."

"నాకు నేర్పకు."

కారు సందు మలుపు తిరగగానే ఇంటికి తాళం వేసి, బస్సెక్కింది. టైపిస్టును ఎక్కించుకోవడానికి ఆయన ఊరు చుట్టి రావాలి, బస్సు నేరుగా పోతుంది. టైపిస్టు ఇంటి దగ్గర మొదలైన పాట అరగంటకు ఎక్కడ ఆగుతుందో ఆమెకు లెక్క తెలుసు. ఊరవతల, మూతపడిన చెక్‌పోస్టు దగ్గర దిగి, గోడ చాటున నిలబడింది.

దారిలో రైల్వే గేటు పడితే? ఆయన ఏ పాటో నచ్చక ముందుకు తిప్పేస్తే? ఇన్నాళ్ళు ఆయన మాటకు తలూపుతూ గడిపేసింది. ఈ ఒక్క పూట తప్పిందా, షాపూ పోతుంది, తానూ నిజంగా పోయినట్టే.

కారు వచ్చింది. పక్కకు తీసి ఆగింది. ఇంజన్ ఆగలేదు.

ఆయన దిగాడు. సిగరెట్ వెలిగించుకుని, రోడ్డుకు వీపు పెట్టి, తీరిగ్గా పొదల వైపు నడిచాడు.

ముందు సీట్లోంచి టైపిస్టు తల తిప్పి ఆమెను చూసింది.

ఆమె గోడ చాటు నుంచి బయటికొచ్చింది. గబగబా కారు వైపు నడిచి, తలుపు లాగింది.

వాళ్ళు రోడ్డు మీద దించేసి పోయిన బ్యాగు పట్టుకుని ఆయన సాయంత్రం బస్సులో ఇంటికొచ్చాడు; షాపులో టీ తాగిన నాడే అన్నీ మాట్లాడుకుని, రెండో వైపు పాటలకు గొంతు కలుపుతూ ఆ కారులో వెళ్ళిన భార్యా, టైపిస్టూ మాత్రం ఆ శుక్రవారం ఉదయం నుంచి ఇంతవరకు తిరిగి రాలేదు.