సంచి కట్టిన జామ

"గట్టిగా పట్టుకోయే! వదిలీసినావంటే మూతి పగుల్తాది."

అత్త అప్పమ్మ అరుపుకు పుష్పరాణి రెండు చేతులతోనూ జామకొమ్మను కిందికి గుంజి పట్టుకుంది. పైకి లేవాలని కొమ్మ పెనుగులాడుతోంది. అప్పమ్మ దాని చివర తాడు బిగించి, రెండో కొస ఇటుకకు చుట్టింది. కొమ్మ పొడవునా ఆకులు దూసేసి, కొసన మాత్రం కాసిని ఉంచింది.

"బారుయిపూర్ తోటల్లో ఇలగే చేస్తారట. బజార్లో పేయారా, అదే జామకాయల బండి దాదా చెప్పినాడు. నిటారుగా ఎదిగే చెట్టుకి పొగరెక్కువ. వంచి కట్టీసినామంటే ఒళ్ళు దగ్గిరెట్టుకుని కాస్తాది."

మాట జామచెట్టు గురించే. చూపు మాత్రం కోడలి కడుపు మీద ఉంది.

ఖిదిర్‌పూర్ మున్సిపల్ క్వార్టర్ల వెనక, కుళాయి పక్కన ఆ జామమొక్కను అప్పమ్మ నాటింది పుష్పరాణి కాపురానికి వచ్చిన వారమే. ఇద్దరికీ ఐదేళ్ళు నిండాయి. ఇద్దరూ కాయలేదు. గుళ్ళూ ఉపవాసాలూ అయ్యాయి, ఆసుపత్రీ అయింది. పుష్పరాణిలో లోపమేమీ లేదని, ఈసారి భర్తను తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. "మగోడికి పరీచ్చలేటే?" అంటూ అప్పమ్మ ఆ కబురును అక్కడే నొక్కేసింది. చెత్త లారీ మీద పనిచేసే ప్రవీణ్‌కుమార్ అన్నం తిని చేయి కడుక్కుంటూ "అమ్మ ఇష్టం" అన్నాడు. ఆ మహానుభావుడి నోట్లో మరో మాట ఉండదు.

ఇటుక సర్దుతూ అప్పమ్మ అసలు సంగతి బయటపెట్టింది.

"దసరా పూజల దాకా సూస్తాను. ఈ చెట్టు కాసి నువ్వు కాయలేదనుకో, తప్పెవులదో తేలిపోయినట్టే. మా తమ్ముడి కూతురు రమాకుమారిని తెచ్చుకుంటాం. నువ్వు వాట్‌గంజ్‌లో మీ పుట్టింటికి పోవచ్చు."

"నానేటి మొక్కనా అత్తా, వంచితే కాయడానికి?"

"మా అత్త నన్ను ఇంతకన్నా వంచింది. వంగినాను. ఊరెళ్ళినాను, సంకలో పిల్లడితో తిరిగొచ్చినాను. మరి ఏనాడైనా నా నోరు లేచిందేటి?"

కుళాయి దగ్గర ఎవరైనా పురుటి కబుర్లు మొదలుపెడితే బిందె ఎత్తుకుని లేచిపోయే మనిషి అప్పమ్మ. తన సంగతి ఆ మాత్రం చెప్పడమే ఎక్కువ.

ఆ రోజు నుంచి పుష్పరాణి, చెట్టు కాయకూడదని దేవుడికి దండం పెట్టుకోసాగింది. ఎంత పాడు కోరికో ఆమెకూ తెలుసు. కానీ ఆ ఇంట్లో ఆమెకు తోడుగా మాటలు పడేది ఆ చెట్టొక్కటే. అదీ కాసిందంటే తను ఒంటరిదైపోతుంది. పుట్టిల్లు నడిచి వెళ్ళేంత దూరంలో ఉండటం మరీ ఖర్మ. వెళ్ళినా అదే బజారు, అవే ముఖాలు. మొగుడు వదిలేసినదంటూ వెనక గుసగుసలు.

వంచిన కొమ్మల మీద చిగుళ్ళు లేచాయి. కొన్నాళ్ళకు అప్పమ్మ పాత చీర చింపి, చిన్న చిన్న సంచులు కుట్టి కొమ్మలకు కట్టింది.

"పిందెలు. గబ్బిలాల పాలవకుండా కట్టినాను. నువ్వు మాత్రం అటెల్లకు, దిష్టి తగుల్తాది."

"పూత ఎప్పుడొచ్చింది అత్తా? నాను సూడనేలేదే."

"నీ కళ్ళకెందుకు కనబడతాది?"

బట్టలారేస్తూ పుష్పరాణి దూరం నుంచే చూసేది. సంచులు గాలికి ఊగేవి. వాటిని చూస్తే ఆమెకు అన్నం సయించేది కాదు.

వీధిలో పూజ పందిరికి వెదుళ్ళు దిగాయి. ఒక ఆదివారం పొద్దున్నే అప్పమ్మ బజారుకు వెళ్ళొచ్చింది. బరువుగా ఉన్న కూరల సంచీ అందుకోబోతే కోడలి చెయ్యి విదిలించి కొట్టి, పాలకు తరిమింది. పుష్పరాణి పాలు తెచ్చేసరికి వీధి వీధంతా చెట్టు దగ్గరే ఉంది. అప్పమ్మ అందరి ముందూ ఒక సంచిలో చెయ్యిపెట్టి, పిడికిలంత జామకాయ కోసి పైకెత్తింది.

"సూసినారా? వంచితే చెట్టు కూడా కాసింది."

ముక్కలు కోసి అందరికీ పంచింది. కోడలికి మాత్రం పెట్టలేదు. ముక్క నములుతున్న ఒకావిడ పుష్పరాణి ముఖం చూసి, చప్పున చూపు తిప్పుకుంది.

మధ్యాహ్నం పుష్పరాణి బట్టలు సర్దుకుంది. ప్రవీణ్‌కుమార్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఉండమనలేదు, వెళ్ళమనలేదు. గడప దాటాక ఆమెకు ఆ కాయలను ఒక్కసారి ముట్టుకోవాలనిపించింది. దిష్టి తగిలితే తగలనీ.

ఒక సంచి విప్పింది. కాయ తొడిమకున్న రెండాకులూ వడలి ముడుచుకుపోయాయి. తొడిమ ఆ కొమ్మకు పుట్టింది కాదు. నల్లదారంతో కొమ్మకు కట్టి ఉంది. పక్క సంచి విప్పింది. అదీ అంతే. ఇంకోదాంట్లో గుడ్డపీలికల ఉండ తప్ప ఏమీ లేదు.

వెనక అలికిడైంది. అప్పమ్మ.

"ఇవి బజారు కాయలు. మన చెట్టు కాయనేలేదు కదత్తా?"

అప్పమ్మ విప్పిన సంచిని మళ్ళీ కట్టబోయింది.

"దీనికోసమా నన్ను ఇన్నాళ్ళు ఏడిపించినావు? ఉండు, వీధంతా మళ్ళీ పిలుస్తాను. అందరూ సూడాల!"

అప్పమ్మ గబుక్కున కోడలి చెయ్యి పట్టుకుంది. ఐదేళ్ళలో అదే మొదటిసారి. ఆ పట్టులో కోపం లేదు.

"వొద్దే అమ్మా. కాయ కనబడితే సాలు, ఎక్కడిదని ఎవులూ అడగరు."

"వదులు!" పుష్పరాణికి ఏడుపు ఆగలేదు. "పిల్లణ్ణి కన్నదానివి. కడుపు పండనిదాని ఏడుపు నీకేటి తెలుస్తాది?"

అప్పమ్మ ఇటుకల పక్కనే కూలబడింది. ఇంట్లో పడుకున్న కొడుకు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ప్రవీణుడ్ని నాను కనలేదే."