కొబ్బరినూనె

చీరాల మగ్గాల వీధిలో ఇంటింటికీ ఒక గాలి ట్యాంకు ఉంది. పొద్దెక్కగానే డాబా మీది సోలార్ పలకలు మోటారును తిప్పి ట్యాంకులో గాలి కూరుతాయి. మగ్గాలైనా దీపాలైనా ఆ గాలితోనే నడుస్తాయి. మోటారు ఆపే తాళం మాత్రం కంపెనీ మనిషి దగ్గరే ఉంటుంది.

ఆ ఉదయం ట్యాంకు వాల్వు సుభాషిణి చేతికి జిడ్డుగా తగిలింది.

"అత్తయ్యా, దీనికేం రాశారు?"

"కీచుమంటంటే కొబ్బరినూనె పోశానమ్మా. రోజూ మగ్గానికి పెట్టట్లా?" అంది నాంచారమ్మ.

ఒత్తిడికి కాగిపోయే ఆ గాలికి నూనె తగిలితే అంటుకోవడానికి అగ్గిపుల్లతో పని లేదు. కిందటి నెల పక్క ఊళ్లో ఒక ఇల్లు అలాగే పేలిపోయింది.

ఎండ అప్పుడే పిట్టగోడ ఎక్కుతోంది. సుభాషిణి దుప్పటి లాక్కుని డాబా మీదికి పరుగెత్తి, పలకల మీద కప్పి, అది ఎగిరిపోకుండా తనే బోర్లా పడుకుంది. కింద మోటారు ఒకసారి మూలిగి ఆగిపోయింది.

నాంచారమ్మ ఆయాసపడుతూ పైకొచ్చింది. "అంత ప్రమాదమా తల్లీ? వీధంతా కీచుమంటన్నాయని అందరివాటికీ పోశానే!"

సుభాషిణి తలెత్తింది. ఎదురుగా పదిహేడు డాబాలు ఎండలో మెరుస్తున్నాయి. గొంతు చించుకుని అరిచింది. అప్పటికే మొదలైన మోటార్ల మోతలో ఆ అరుపు ఆమెకే వినబడలేదు.